స్కాన్ రిపోర్టులో ‘డైవర్టిక్యులోసిస్’ అని ఉంది... ఇప్పుడేం తినాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో పెద్దపేగు గురించినవే ఎక్కువ. పాఠకులు ఒకే సమస్యను ఒక్కొక్కరు ఒక్కో వైపు నుంచి అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. మీ ఉత్తరం ఇందులో లేకపోయినా మీ సందేహం ఉండొచ్చు, చివరిదాకా చదవండి.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 54 ఏళ్లు. కిడ్నీలో రాయి ఉందేమోనని సీటీ స్కాన్ తీయించారు. రాయి లేదు గానీ, రిపోర్టు చివర్లో పెద్దపేగు కుడివైపు డైవర్టిక్యులోసిస్ ఉందని రాశారు. నాకు కడుపులో ఏ బాధా లేదు. చూసిన డాక్టరు ‘పర్లేదమ్మా, పీచు ఎక్కువ తినండి’ అని పంపేశారు. ఇంటికొచ్చి ఫోన్లో వెతికితే పేగు పగలడం, ఆపరేషను, పొట్ట పక్కన సంచి తగిలించడం, ఇవే కనబడుతున్నాయి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇది క్యాన్సర్‌గా మారుతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మారదు. ముందు ఆ మాట మనసులో పెట్టుకుని, తర్వాత మిగతాది చదవండి.

పాత సైకిలు టైరు ఒకచోట అరిగిపోతే లోపలి ట్యూబు అక్కడ చిన్న బుడగలా బయటికి ఉబ్బడం చూసే ఉంటారు. మీ పేగులో జరిగింది అదే. పెద్దపేగు గోడలో కండరపు పొర ఉంటుంది, దాన్ని దాటుకుని లోపలికి రక్తనాళాలు వెళ్తాయి. నాళం దూరే ప్రతిచోటా గోడ కాస్త బలహీనంగా ఉంటుంది. ఏళ్ల తరబడి లోపలి ఒత్తిడికి, వయసుతో గోడలో వచ్చే మార్పులకి, కొంత పుట్టుకతో వచ్చిన తత్వానికి, ఆ బలహీనమైన చోట్ల లోపలి పొర బఠాణీ గింజంత తిత్తిలా బయటికి పొడుచుకు వస్తుంది. ఒకటి ఉండొచ్చు, యాభై ఉండొచ్చు. ఇలా తిత్తులు ఉండడాన్ని డైవర్టిక్యులోసిస్ అంటారు. ఆ తిత్తుల్లో ఏదైనా వాచి నొప్పి, జ్వరం వస్తే డైవర్టిక్యులైటిస్ అంటారు. పేర్లు దగ్గరగా ఉండడంతో ఫోన్లో ఒకటి వెతికితే రెండోది వస్తుంది, మీరు చదివి భయపడిందంతా రెండోదాని గురించి, అందులోనూ బాగా ముదిరిన కేసుల గురించి.

పశ్చిమ దేశాల్లో అరవై దాటినవాళ్లలో సుమారు సగం మందికి ఈ తిత్తులు ఉంటాయి. మన దగ్గర అంత లేదు గానీ, స్కాన్లు, కొలనోస్కోపీలు (గొట్టం చివర కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్షలు) పెరిగాక మనకూ తరచుగా కనబడుతున్నాయి. చాలామందికి ఏ బాధా ఉండదు, మీలాగే ఇంకేదో వెతుకుతుంటే ఇది బయటపడుతుంది. తిత్తులున్నవాళ్లలో ఎప్పుడో ఒకప్పుడు వాపు వచ్చేది నూటికి పాతిక మందికి అని మేం చదువుకునే రోజుల్లో పుస్తకాల్లో ఉండేది. తర్వాత చాలామందిని ఏళ్ల తరబడి గమనిస్తే అది నూటికి ఐదుగురి కంటే తక్కువే అని తేలింది. మిగతా తొంభై ఐదు మంది తమకు తిత్తులున్నాయన్న సంగతే తెలియకుండా హాయిగా బతికేస్తారు. మీకు తెలిసింది, అంతే తేడా.

ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. యూరప్, అమెరికా వాళ్లకి ఇవి ఎక్కువగా ఎడమవైపు కింద ఉంటాయి. జపాన్, కొరియా లాంటి చోట్ల కుడివైపు ఎక్కువ. మన దగ్గర రెండు వైపులా చూస్తున్నాం. మీకు ఉన్నది కుడివైపు కాబట్టి, రేపెప్పుడైనా పొట్ట కుడి పక్క కింద నొప్పి, జ్వరం వస్తే ఇంట్లో అందరూ ‘ఇరవై నాలుగు గంటల నొప్పి’ అనే అనుకుంటారు, డాక్టరు కూడా మొదట అపెండిక్స్ వైపే చూస్తారు. అప్పుడు ఈ పాత రిపోర్టు చూపిస్తే పని తేలికవుతుంది. అందుకని దాన్ని పారేయకుండా, ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్లోకి కూడా పంపండి. అంతకు మించి ఈరోజు మీరు చేయాల్సింది లేదు. మందు అక్కర్లేదు, ఆపరేషను అసలే అక్కర్లేదు, స్కాన్ ప్రతి ఏడాదీ తీయించుకోనక్కర్లేదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, విరేచనం తీరు మారిపోవడం, ఇలాంటివి ఏమున్నా మాత్రం ‘తిత్తుల వల్లేలే’ అనుకుని ఊరుకోకండి. అవి వేరే విషయం, వాటికి వేరే పరీక్ష కావాలి.

ప్రశ్న: నాకు 47. రెండేళ్ల క్రితం ఒకసారి పేగు వాపు వచ్చి ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నాను. అప్పటినుంచి గింజలున్నవేవీ తినొద్దన్నారు. జామ, టమాటా, వంకాయ, బెండ, నువ్వులు, పల్లీలు, అన్నీ మానేశాను. ఈమధ్య ఇంకో డాక్టరు పీచు బాగా తినమన్నారు. గింజలు లేకుండా పీచు ఎక్కడినుంచి వస్తుంది సార్? ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండో డాక్టరు మాట వినండి. గింజలన్నీ తినొచ్చు.

ఈ ప్రశ్న చదవగానే నాకు ఒక పెద్దాయన గుర్తొచ్చారు. ఊళ్లో ఇంటి పెరట్లో జామచెట్టు, ఆయన నాటిందే. మూడేళ్లుగా కాయ నోట్లో పెట్టలేదు, ఎవరో గింజ తిత్తిలో ఇరుక్కుంటుందని చెప్పారట. మనవలు తింటుంటే చూస్తూ కూర్చునేవారు. మరీ ఆశ పుట్టిన రోజు కాయ కోసి, చెంచా కొనతో మధ్యలో గుజ్జంతా తవ్వి పడేసి, చుట్టూ మిగిలిన గట్టి అంచు మాత్రం తినేవారట. గదిలో కూర్చుని చేత్తో చేసి చూపించారు, చెంచా ఎలా తిప్పుతారో. నాకు చాలా బాధేసింది. ఎందుకంటే ఆయన మానేసింది, ఆయనకి అన్నిటికంటే మంచి చేసే పండుని.

గింజ తిత్తిలో పడుతుంది, పడితే కుళ్లుతుంది, కుళ్లితే వాస్తుంది అనే మాట వినడానికి బాగుంటుంది. అందుకే అన్ని దశాబ్దాలు నిలబడింది, డాక్టర్లే చెప్పారు, మేమూ చెప్పాం. దాన్ని ఎవరూ సరిగ్గా పరీక్షించలేదు. అమెరికాలో వైద్యరంగంలో పనిచేసే 47 వేల మందికి పైగా మగవాళ్లని 18 ఏళ్లపాటు గమనించి, ఎవరేం తింటున్నారు, ఎవరికి వాపు వచ్చింది అని చూసి, 2008లో ఫలితాలు వేశారు. గింజపప్పులు, పాప్‌కార్న్, మొక్కజొన్న తినేవాళ్లకి వాపు ఎక్కువ రాలేదు. గింజపప్పులు, పాప్‌కార్న్ బాగా తినేవాళ్లకి తక్కువే వచ్చింది. ఆ తర్వాత గింజలు మానమనే సలహాకి ఆధారం లేకుండా పోయింది. కానీ ఒకసారి జనంలోకి వెళ్లిన పథ్యం వెనక్కి రావడానికి చాలా కాలం పడుతుంది, మీ ఉత్తరమే దానికి సాక్ష్యం.

ఒక చిన్న సూచన. రెండేళ్లు మానేశారు కాబట్టి ఒక్కరోజులో అన్నీ మొదలుపెట్టకండి. మీ పేగుకి అలవాటు తప్పింది. ఈ వారం టమాటా, వంకాయ, వచ్చే వారం సగం జామకాయ, ఆ తర్వాత గుప్పెడు పల్లీలు, అలా. బాగా నమిలి తినండి. ఏదైనా ఒకటి మీకు ప్రత్యేకంగా పడటం లేదనిపిస్తే అది ఒక్కటి పక్కన పెట్టండి, దాని పేరు చెప్పి పదిటిని మానకండి. నొప్పి, జ్వరం ఉన్న రోజుల సంగతి వేరు, దాని గురించి కింద న్యూజెర్సీ పాఠకుడికి రాశాను.

ప్రశ్న: అందరూ పీచు పీచు అంటారు. ఎంత తినాలో ఎవరూ చెప్పరు. మేం రెండు పూటలా అన్నం, పప్పు, ఏదో ఒక కూర, పెరుగు తింటాం. ఇందులో పీచు ఉన్నట్టా లేనట్టా? అసలు పీచు తింటే ఈ తిత్తులు పోతాయా? మా నాన్నగారికి, మా బాబాయికి ఇద్దరికీ ఉన్నాయి, నాకు రాకుండా ఆపగలనా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మంచి ప్రశ్న, కాస్త పెద్ద జవాబు. ఓపిగ్గా చదవండి.

వచ్చిన తిత్తులు పోవు. పీచు తిన్నా, మందు వాడినా, ఆసనాలు వేసినా పోవు. పోతాయని ఎవరైనా పొడి డబ్బా అమ్మితే కొనకండి.

మరి పీచు గోల ఎక్కడినుంచి వచ్చింది? ఒకప్పుడు తిత్తులున్నవాళ్లకి పీచు లేని మెత్తటి తిండే పెట్టేవాళ్లు, పేగుకి శ్రమ ఉండకూడదని. డెనిస్ బర్కిట్ అని ఐర్లండుకి చెందిన సర్జన్ ఉగాండాలో చాలా ఏళ్లు పనిచేశారు. అక్కడి పల్లె జనంలో ఈ జబ్బు దాదాపు కనబడకపోవడం ఆయన గమనించారు. బ్రిటన్‌లో మాత్రం ఎక్కడ చూసినా ఇదే. ఉగాండా పల్లెవాళ్లు తినేది ముతక తిండి, విరేచనం ఎక్కువగా, మెత్తగా, తిన్నది తొందరగా బయటికి వచ్చేస్తుంది. బ్రిటన్‌లో తెల్లటి రొట్టె, విరేచనం కొంచెమే, అదీ గట్టిగా, తిన్నది రోజుల తరబడి లోపలే. నీల్ పెయింటర్ అనే ఇంకో సర్జన్‌తో కలిసి 1971లో ఆయన, ఇది పీచు లోపం వల్ల వచ్చే జబ్బు అని రాశారు. ఆ మరుసటి ఏడాది పెయింటర్ తన రోగులు సుమారు 70 మందికి తవుడు తినిపించి చూస్తే చాలామందికి బాధలు తగ్గాయి. పథ్యం తలకిందులైంది. మెత్తటిది తినమన్న నోళ్లే ముతకది తినమన్నాయి.

వాళ్లు చెప్పిన కారణం మన వంటింట్లో తేలిగ్గా తెలుస్తుంది. జంతికల పిండి తగినంత నీళ్లతో మెత్తగా కలిపితే గొట్టంలోంచి సులువుగా జారుతుంది. గట్టిగా కలిపితే, నొక్కే చేతులు లాగేస్తాయి, ఒక్కోసారి పిండి పక్కల నుంచి పైకి ఎగదన్నుతుంది. పేగులో ఉన్నది కొంచెంగా, గట్టిగా ఉంటే దాన్ని ముందుకి తోయడానికి కండరం బలంగా బిగుసుకోవాలి, ఆ ఒత్తిడి బలహీనమైన చోట పడుతుంది. పీచు నీళ్లు పట్టుకుని మలాన్ని ఎక్కువగా, మెత్తగా ఉంచుతుంది.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. ఈ లెక్క అంత తేలిగ్గా తేలలేదు. 2012లో అమెరికాలో కొలనోస్కోపీ చేయించుకున్న రెండు వేల మందికి పైగా తిండి వివరాలు సేకరించి చూస్తే, పీచు ఎక్కువ తినేవాళ్లకి తిత్తులు తక్కువేం లేవు. అంటే పీచు తక్కువ తిన్నందుకే తిత్తులు వస్తాయన్న పాత మాటని ఇప్పుడు గట్టిగా చెప్పలేం. మీ నాన్నగారికి, బాబాయికి ఉన్నాయంటే కుటుంబంలోనూ కొంత ఉండొచ్చు. వయసుని ఆపలేం, పుట్టుకని మార్చలేం. మీకు తిత్తులు రాకుండా ఆపే హామీ నేను ఇవ్వలేను.

కానీ తిత్తి రావడం వేరు, వచ్చిన తిత్తితో ఆసుపత్రి పాలవడం వేరు. ఆ రెండోదాంట్లో పీచు పక్కన గట్టి సాక్ష్యమే ఉంది. ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో 47 వేల మందిని గమనించి 2011లో వేసిన ఫలితాల్లో, శాకాహారులకి ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరడం, చనిపోవడం మాంసాహారుల కంటే 31 శాతం తక్కువగా ఉంది. పీచు ఎక్కువ తిన్నవాళ్లకీ తక్కువే. పొగ తాగడం, పొట్ట చుట్టూ కొవ్వు, మేక, గొర్రె లాంటి ఎర్ర మాంసం ఎక్కువగా తినడం, కదలకుండా కూర్చోవడం, ఇవి ముప్పుని పెంచుతాయి. వీటిలో ప్రతి ఒక్కటీ మీ చేతిలో ఉన్నదే.

ఇప్పుడు మీ అన్నం లెక్క. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మన తిండి గింజల్లో, కూరల్లో ఏముందో కొలిచి 2017లో పట్టికలు వేసింది. ఆ లెక్క ప్రకారం వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాముల లోపే. అదే వంద గ్రాముల జొన్నల్లో పది, రాగుల్లో పదకొండు, కందిపప్పులో తొమ్మిది, పొట్టుతో ఉన్న పెసల్లో పదిహేడు. జామకాయలో ఎనిమిదిన్నర. మునగాకులో ఎనిమిది. గోరుచిక్కుడులో ఐదుకి దగ్గర. పెరుగులో ఏమీ లేదు.

మీరు రోజుకి పావుకేజీ బియ్యం వండుకున్న అన్నం తింటే ఏడు గ్రాములు. రెండు పూటలా కలిపి 40 గ్రాముల కందిపప్పు అనుకుంటే మూడున్నర. కూర బంగాళాదుంపో సొరకాయో అయితే ఇంకో రెండు. మొత్తం పన్నెండు, పదమూడు. రెండు వేల కిలోక్యాలరీలు తినే మనిషికి 30 గ్రాములు కావాలని అదే సంస్థ చెబుతోంది. అంటే సగానికి కూడా రాలేదు, కడుపు మాత్రం నిండింది.

దీనికి పెద్ద తిప్పలేమీ పడక్కర్లేదు. రాత్రి అన్నం కొంత తగ్గించి వంద గ్రాముల పిండితో జొన్నరొట్టెలు చేసుకోండి, ఏడు గ్రాములు పెరిగింది. సాయంత్రం ఒక జామకాయ, ఎనిమిది. బంగాళాదుంప వేపుడు చోట గోరుచిక్కుడు కూర, రెండు, మూడు. ముప్పైకి వచ్చేశారు, అంగట్లో ఏ డబ్బా కొనకుండానే. రాయలసీమ వాళ్లు రాగిసంకటి, తెలంగాణ వాళ్లు జొన్నరొట్టె, ఉత్తరాంధ్ర వాళ్లు చోడి అంబలి తిని బతికినవాళ్లే. రేషన్ బియ్యం, మిషన్ బియ్యం ఇంటింటికీ వచ్చాక అన్నం తెల్లబడింది, కంచంలో కూర తగ్గింది. అన్నం మీద నాకు కోపం లేదు, నేనూ తింటాను. కంచంలో అన్నం కొండలా ఉండి కూర నంజుకునేంత ఉండడం మీదే నా కోపం.

పప్పు చేసే రోజు అందులో తోటకూరో మునగాకో వేయండి. కందిపప్పు ఒక్కటే కాకుండా వారానికి రెండుసార్లు పెసలు, అలసందలు, శనగలు గుగ్గిళ్లుగా తినండి. పండు రసం తాగకండి, పండే తినండి, రసం తీశాక పిప్పిలో పారేసేదే మనకి కావాల్సింది. మైదాతో చేసింది ఏదైనా, పేరు ఎంత బాగున్నా, తెల్ల బియ్యంతో సమానం.

ప్రశ్న: మీలాంటి డాక్టర్లు చెప్పారని పీచు మొదలుపెట్టాను. మొదటి వారమే కడుపు ఉబ్బరం, గ్యాస్, ఆఫీసులో కూర్చోలేకపోయాను. మానేశాను. ఇసబ్‌గోల్ తాగితే గొంతులో అడ్డం పడింది. నా ఒంటికి పీచు పడదేమో?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పడుతుంది, మీరు తొందరపడ్డారు. పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు పీచుని పులియబెట్టి తింటాయి, అప్పుడు పుట్టే కొన్ని ఆమ్లాలే పేగు లోపలి పొరకి ఆహారం. ఆ పనిలో గ్యాస్ కూడా పుడుతుంది. పన్నెండు గ్రాములకి అలవాటైనవాటికి ఒక్కసారి ముప్పై గ్రాములు పోస్తే ఉబ్బరం రాకుండా ఎలా ఉంటుంది? వారానికి ఐదు గ్రాముల చొప్పున పెంచండి. నెల, నెలన్నర పట్టనివ్వండి. శనగలు, అలసందలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు వంచేసి, మెత్తగా ఉడికించండి.

ఇసబ్‌గోల్ గొంతులో పడిందంటే తక్కువ నీళ్లతో తీసుకున్నారు. ఒక చెంచా పొట్టు గ్లాసు నీళ్లలో వేసి చూడండి, రెండు నిమిషాల్లో మొత్తం జిగురుగా, నానిన సబ్జాలా అయిపోతుంది. అది మీ గొంతులో జరగకూడదు, గ్లాసులో మొదలై కడుపులో పూర్తవ్వాలి. పెద్ద గ్లాసు నిండా నీళ్లలో ఒక చెంచా కలిపి వెంటనే తాగేసి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. పడుకునే ముందు మంచం మీద కూర్చుని తాగొద్దు, ఇంకో అరగంటైనా మెలకువగా ఉండండి. మింగడం కష్టంగా ఉన్నవాళ్లు, పేగులో ఇరుకు ఉందని చెప్పించుకున్నవాళ్లు డాక్టరుని అడగకుండా దీని జోలికి పోవద్దు. షుగరు మాత్రలు, థైరాయిడ్ మాత్ర లాంటివి వాడుతుంటే వాటికీ దీనికీ మధ్య రెండు గంటలు ఎడం పెట్టండి.

నీళ్లు చాలకుండా పీచు పెంచితే మలబద్ధకం ఇంకా పెరుగుతుంది. ఇది చాలామంది మర్చిపోయే సంగతి.

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మా నాన్నగారు, 63 ఏళ్లు, మా దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. పోయిన వారం పొట్ట ఎడమవైపు కింద నొప్పి, 100 జ్వరం. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే సీటీ తీసి డైవర్టిక్యులైటిస్, చీము ఏం లేదు అన్నారు. యాంటీబయాటిక్ ఇవ్వలేదు! పలచటివి తాగించండి, పారాసెటమాల్ వేయండి, తగ్గకపోతే రండి అని ఇంటికి పంపేశారు. మనవాళ్లైతే సెలైన్ పెట్టి ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లు. అమ్మ టెన్షన్ పడి ఇండియాకి వెళ్లిపోదాం అంటోంది. ఇక్కడ నిర్లక్ష్యం చేశారా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మీరు రాసిన వివరాలనిబట్టి చూస్తే నిర్లక్ష్యం కాదు. స్కాన్‌లో చీముగడ్డ లేదు, పేగుకి చిల్లు లేదు, మనిషి నోటితో తీసుకోగలుగుతున్నారు, మిగతా ఆరోగ్యం బాగుంది. ఇలాంటి తేలికపాటి వాపు యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతుంది. స్వీడన్, ఐస్‌లాండ్ ఆసుపత్రుల్లో ఇలాంటి రోగులు 623 మందిలో కొందరికి యాంటీబయాటిక్ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చూసి 2012లో ఫలితాలు చెప్పారు. మందు ఇచ్చినవాళ్లు తొందరగా కోలుకోలేదు, ఇవ్వనివాళ్లకి ప్రమాదాలు పెరగలేదు. తర్వాత నెదర్లాండ్స్‌లో చేసిన పరిశోధనలోనూ అదే వచ్చింది. అందరికీ ఇది వర్తించదు. బాగా జ్వరం, ఒంట్లో షుగరు అదుపులో లేకపోవడం, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతుండడం, గడ్డ కట్టడం ఉంటే యాంటీబయాటిక్ తప్పదు, ఒక్కోసారి ఆసుపత్రిలో ఉండాలి. మీ అమ్మగారి కంగారు నాకు అర్థమవుతుంది, సెలైన్ సీసా వేలాడితేనే వైద్యం జరిగినట్టు అనిపించేలా మనమే అలవాటు చేశాం.

ఇప్పుడు తిండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పైన ఇంతసేపు పీచు తినమని రాశాను కదా, ఈ నొప్పి ఉన్న నాలుగు రోజులు అదంతా పక్కన పెట్టండి. వాచిన పేగుకి విశ్రాంతి కావాలి. మొదటి రెండు రోజులు గంజి తేట, పలచటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు, పప్పుకట్టుతో చేసిన చారు వడగట్టి. నొప్పి తగ్గుముఖం పట్టాక మెత్తగా చిదిమిన చారన్నం, పెరుగన్నం, ఇడ్లీ. పూర్తిగా తగ్గి వారం గడిచాక కూరలు కొద్దికొద్దిగా, ఆ తర్వాత నెలలో జొన్నరొట్టెకి, జామకాయకి వెళ్లొచ్చు. మీ అమ్మగారు జావ చేస్తారు కదా, రాగిజావ మాత్రం మొదటి రోజులకి వద్దు, తర్వాత.

నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం ఎక్కువవుతున్నా, వాంతులవుతున్నా, పొట్ట చెక్కలా బిగుసుకున్నా, మూత్రంతో గాలి బుడగలు వస్తున్నా మళ్లీ వెంటనే వెళ్లండి, అర్ధరాత్రైనా సరే.

తగ్గాక రెండు పనులు. ఇటీవల కొలనోస్కోపీ చేయించుకోకపోయి ఉంటే, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించాలి. వాపు ఉన్నప్పుడు క్యాన్సర్ లాంటిది దాని వెనక దాక్కుంటే స్కాన్‌లో తేలకపోవచ్చు, అందుకని. వాపు ఉండగానే చేయిస్తే ప్రమాదం, అందుకని ఆగడం. మీ నాన్నగారు ఈలోపు ఇండియా వచ్చేస్తే ఇక్కడ చేయించొచ్చు, అక్కడి సీటీ రిపోర్టుతో పాటు ఆ బొమ్మలున్న సీడీ కూడా అడిగి తీసుకోండి. రెండోది, ‘రెండుసార్లు వస్తే ఆపరేషన్ తప్పదు’ అని ఎవరైనా చెబితే భయపడకండి. పాత లెక్క అది. ఎన్నిసార్లు వచ్చిందని కాదు, మనిషి ఎంత ఇబ్బంది పడుతున్నాడు, ఏవైనా చిక్కులు వచ్చాయా అన్నదాన్నిబట్టే ఇప్పుడు ఆలోచిస్తున్నారు.

ప్రశ్న: మా అత్తగారికి 72. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో ఇచ్చే మాత్రలు ఏళ్ల తరబడి వేసుకుంటారు. పోయిన ఏడాది కొలనోస్కోపీలో డైవర్టిక్యులోసిస్ అన్నారు. రెండు రోజులనుంచి నొప్పి ఏమీ లేకుండా మలంలో రక్తం పడుతోంది, ఎర్రగా, చాలా ఎక్కువ. మొలలని పక్క ఊరినుంచి పసరు మందు తెచ్చారు. మీ సలహా కావాలి.
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఈ మెయిల్ వచ్చిన రోజే మిమ్మల్ని ఆసుపత్రికి వెళ్లమని చెప్పించాం. ఇలాంటి ఇల్లు ఇంకోటి ఉండొచ్చని ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటప్పుడు పత్రికకి రాసి జవాబు కోసం ఆగకండి.

తిత్తి పక్కనే రక్తనాళం ఉంటుందని మొదట చెప్పాను కదా. ఆ నాళం పలచబడి చిట్లితే రక్తం ధారగా వస్తుంది, నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టి జనం మొలలనుకుంటారు. మొలల రక్తం సాధారణంగా చుక్కలుగా, మలం పైన చారగా ఉంటుంది. ఇది గిన్నెడు పడుతుంది, గడ్డలు కూడా ఉండొచ్చు. నలుగురిలో ముగ్గురికి దానంతట అదే ఆగుతుంది. ఆగుతుందని ఇంట్లో కూర్చుని చూసే వయసు కాదు ఆవిడది. తల తిరగడం, చెమటలు పట్టడం, నాడి వేగంగా కొట్టుకోవడం ఉంటే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో అవసరమైతే రక్తం ఎక్కిస్తారు, కొలనోస్కోపీ చేసి కారే చోటు దొరికితే అక్కడే క్లిప్ వేసి ఆపుతారు.

ఆ మోకాలి మాత్రల సంగతి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు తిత్తులున్నవాళ్లకి రక్తస్రావం, చిల్లు పడడం రెండింటి ముప్పునీ పెంచుతాయి. ఏళ్ల తరబడి, చీటీ లేకుండా, పేరు కూడా తెలియకుండా, కాగితంలో చుట్టి ఇచ్చినవి మింగుతున్నవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో. మోకాళ్ల నొప్పికి పారాసెటమాల్, కాపడం, తొడ కండరాలకి వ్యాయామం, బరువు తగ్గడం, ఇవి ముందు చూడాలి. గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఆ నిర్ణయం డాక్టరుదే.

ఆవిడ ఏం మాత్రలు వేసుకుంటున్నారో డాక్టరుకి తెలియాలి. పేర్లు గుర్తులేకపోయినా పర్లేదు, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులు, పొట్లాలు, ఆ పసరు మందు సీసాతో సహా అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.